నవగ్రహాల్లో ‘గ్రహం’ అంటే: టాంగ్ చైనా కొలువులోని గౌతములు ఇచ్చిన జవాబు

నిన్న ఒక సభ్యులు అడిగారు: సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం, రాహుకేతువులు అసలు కంటికే కనపడవు. మరి అన్నిటినీ కలిపి నవగ్రహాలు అనడం తప్పు కాదా అని.

తప్పేమీ లేదండీ. ఆ మాట పుట్టినప్పటి అర్థం వేరు. ‘గ్రహ్’ అనే ధాతువుకి పట్టుకోవడం అని అర్థం. పాణిగ్రహణంలో చేయి పట్టుకుంటాం, విషయాన్ని గ్రహిస్తే బుద్ధితో పట్టుకుంటాం. గ్రహమంటే పట్టుకునేది. ప్లానెట్‌కి సరిగ్గా సరిపోయే మాటగా మనకు బడి పుస్తకాలు నేర్పాయి కానీ, మన నోటి తెలుగు పాత అర్థాన్ని వదల్లేదు. శని పడుతుంది, దయ్యం పడుతుంది. గ్రహణం పడుతుంది, విడుస్తుంది. అందుకే పట్టుస్నానం, విడుపుస్నానం అంటాం. పట్టి పీడించే లెక్కన చూస్తే సూర్యచంద్రుల్ని మింగే రాహువుకి ఆ జాబితాలో అందరికన్నా ముందు చోటివ్వాలి.

దీనికి గట్టి సాక్ష్యం ఒకటి చైనాలో ఉంది. 718లో, అప్పుడు చైనాను ఏలుతున్న టాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ ఆజ్ఞ మీద ఒక భారతీయ పంచాంగ గణితాన్ని చైనా భాషలో పెట్టారు. దాని పేరు ‘జియుజి లి’. జియు అంటే తొమ్మిది, జి అంటే చేత్తో పట్టుకోవడం, లి అంటే పంచాంగం. అనువాదకుడు ‘నవగ్రహ’ అన్న మాటను చుక్కలనో గోళాలనో మార్చలేదు, ‘తొమ్మిది పట్టుకునేవి’ అని ధాతువు దగ్గరికే వెళ్లాడు. చైనా వాళ్లు పెళ్లిళ్లలో ఈనాటికీ చెప్పుకునే ఒక పాత పద్యపాదంలో ‘నీ చేయి పట్టుకుని’ అనడానికి వాడింది ఈ ‘జి’నే. మన పాణిగ్రహణమే అది!

ఆ అనువాదకుడు గౌతమ సిద్ధుడు. చైనా రాతల్లో ఈ ఇంటిపేరు ‘ఛ్యూతాన్’ అని ఉంటుంది. ఇప్పటి ఉచ్చారణలో పోల్చుకోలేం కానీ, ఆ కాలంలో అదే అక్షరాలను ‘గ్యుదమ్’కి దగ్గరగా పలికేవారు. మధ్య భారతం నుంచి వెళ్లి రాజధాని చాంగాన్‌లో స్థిరపడిన కుటుంబం అది. సిద్ధుడి తండ్రి, సిద్ధుడు, ఆయన కొడుకు గౌతమ జువాన్, ముగ్గురూ రాజుగారి ఖగోళ కార్యాలయాన్ని నడిపినవాళ్లే. జువాన్ 776లో పోయాడు. అతని సమాధి శాసనం 1977లో షియాన్ (ఒకప్పటి చాంగాన్) దగ్గర దొరికాకే వంశక్రమం తేటపడింది.

ఆ ఉద్యోగం ఎంత నమ్మకమైనదో చెప్పాలి. ఆకాశంలో కనిపించే ప్రతి మార్పూ చక్రవర్తి పాలన మీద తీర్పుగా లెక్క. అందుకే ఖగోళ పరికరాలు, పటాలు ఇంట్లో దాచుకుంటే టాంగ్ చట్టం ప్రకారం రెండేళ్లు కఠిన శిక్ష. అలాంటి రహస్యాల తాళంచెవి మూడు తరాలు ఒక పరాయి సంతతి ఇంట్లో ఉంది. నాకైతే ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

అన్నీ సాఫీగా ఏం జరగలేదు. యీషింగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు ‘దాయెన్’ పంచాంగం తయారుచేశాడు. ఆ పనిలో తనను కలుపుకోలేదని జువాన్‌కి కోపం. 733లో ‘ఇది మా జియుజిని చూసి రాసిందే, అదీ అరకొరగా’ అని ఫిర్యాదు చేశాడు. వేధశాల నమోదులతో పోల్చి చూస్తే దాయెన్ పదింట ఏడెనిమిది సరిగ్గా చెప్పింది, జియుజి ఒకటో రెండో. ఫిర్యాదు వీగిపోయింది.

అదే యీషింగ్ ఒక బౌద్ధ సూత్రానికి రాసిన వ్యాఖ్యానంలో ‘జి’లు తొమ్మిది అని లెక్కపెట్టి, ‘కేతు’కి సరైన అనువాదం జెండా, జెండా చుక్క అంటే తోకచుక్క అని వివరించాడు. కేతనం, మీనకేతనుడు, ధూమకేతువు తెలిసిన మనకి వేరే చెప్పాలా? సంస్కృతం పరాయి భాష అయినా ఆ మనిషి ఎంత శ్రద్ధగా విన్నాడో చూడండి.

వ్యాఖ్య: సున్న కూడా ఇలాగే వెళ్లిందా అండీ?

జవాబు: ఆ జియుజిలోనే ఉంది. పది రాగానే ముందు స్థానానికి జరపాలి, ఖాళీ స్థానంలో ఎప్పుడూ ఒక చుక్క పెట్టాలి అని సిద్ధుడు రాశాడు. అంటే మన బిందువు. కానీ చైనా లెక్కల వాళ్లు తమ గణనపుల్లలనే నమ్ముకున్నారు, ఆ చుక్క అప్పట్లో అక్కడ పాతుకోలేదు.

వ్యాఖ్య: విదేశీయులకు ఇంత పెద్ద కొలువులు మామూలేనా, వీళ్లొక్కరేనా?

జవాబు: టాంగ్ కాలంలో మామూలే. 717లో చదువుకోడానికి వచ్చిన జపాన్ వాసి అబెనో నకమరో అక్కడే కొలువు చేసి అక్కడే పోయాడు. 751లో మధ్య ఆసియాలోని తలాస్ దగ్గర అరబ్బులతో తలపడిన టాంగ్ సేనాని గావో షియన్‌జ్ కొరియా సంతతివాడు. 755లో తిరుగుబాటు చేసి సామ్రాజ్యాన్ని కుదిపేసిన ఆన్ లుషాన్‌కి తండ్రి వైపు సోగ్డియన్ (మధ్య ఆసియా వర్తక జాతి) మూలాలు, తల్లి తుర్కు. చాలా భాషలు వచ్చు, సరిహద్దు సంతలో దుబాసీగా మొదలై సేనాని అయ్యాడు. ‘లుషాన్’ అన్నది వెలుగు అనే అర్థమున్న సోగ్డియన్ మాట ‘రొఖ్‌షన్’కి చైనా రూపం. మన ‘రోచిస్సు’కి చుట్టం.

వ్యాఖ్య: వారాల పేర్లు?

జవాబు: అవీ వెళ్లాయి. 759లో అమోఘవజ్రుడనే బౌద్ధ భిక్షువు చైనా భాషలోకి తెచ్చిన జ్యోతిష గ్రంథంలో ఆదివారానికి భారతీయుల పేరు ‘ఆదిత్య’ అని, సోగ్డియన్ల పేరు ‘మీ’ అని ధ్వని ప్రకారం రాసి ఉంది. మన ఆదిత్యవారమే ఆదివారం అయింది కదా. ఇవాళ ఏ వారమో మర్చిపోతే సోగ్డియన్లనో పారశీకులనో భారతీయులనో అడగండి అని దాని వ్యాఖ్యాత సలహా ఇచ్చాడు.