ఆటిజం ఉన్న పెద్దవాళ్లం: ఆందోళనకి మందులు వాడినవాళ్లు మీ అనుభవం చెప్పండి

లోకోషెడ్డు
నాకు 34. ఆటిజం అని పోయిన ఏడాదే తేలింది. ఆందోళన మాత్రం పదో తరగతి నుంచీ ఉంది. డాక్టరుగారు ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. మూడోరోజుకల్లా ఒళ్లంతా చీమలు పాకినట్టు అయింది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలీదు. రాత్రి రెండింటికి హాల్లో పచార్లు. అమ్మ లేచి చూసి దిష్టి తీసింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే రెండు వారాలు ఓపిక పట్టమన్నారు. పట్టలేకపోయాను, ఆరో రోజున మానేశాను.

మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నా. మనలాంటివాళ్లకి ఈ మందులు వేరేగా పనిచేస్తాయా? యోగా చెయ్యి, ధ్యానం చెయ్యి అని మాత్రం చెప్పకండి. అది చెప్పడానికి ఇంట్లో ఏడుగురు ఉన్నారు.

గోదారిగట్టు
లోకోషెడ్డు గారూ, అచ్చంగా నా కథే. నాకు 41, టీచర్ని. మీ చీమలకి డాక్టర్ల భాషలో అకథీసియా అని పేరుంది. ఊరికే ఓపిక పట్టాల్సిన సంగతి కాదది, గట్టిగా చెప్పి తీరాలి. పాతికేళ్ల లోపువాళ్లకైతే ఈ రకం మందుల మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని హెచ్చరిక కూడా ఉంది. అలాంటిది వస్తే పొద్దున దాకా ఆగకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి రాత్రయినా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నా రెండో డాక్టరు ఆటిజం సంగతి వినగానే కలం పక్కన పెట్టేశారు. అదే మందు 5 మిల్లీగ్రాముల బిళ్లని సగం చేసి 2.5తో మొదలుపెట్టమన్నారు. రెండు వారాలకోసారి కొంచెం పెంచుకుంటూ 7.5 దగ్గర ఆగాం. ఇది ఆవిడ సొంతంగా కనిపెట్టిందేం కాదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల గురించి బ్రిటన్‌లో నైస్ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వీళ్లకి దుష్ప్రభావాలు ఎక్కువగా ఉండొచ్చు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టే ఆలోచన చెయ్యండి అనే ఉంది.

ఏం మారిందంటారా, స్టాఫ్‌రూమ్ తలుపు తొయ్యబోయే ముందు కడుపులో తిప్పడం పోయింది. బెల్లు మోగితే మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడతాను. మందు భయాన్ని తగ్గిస్తుంది గానీ చెవుల్ని ఏం చేస్తుంది!

బొంగరం
నాది వేరే ముచ్చట. రెండేండ్లు నేను ఏసుకునేది ఒక్కటే మందు అనుకున్న. రాత్రి బువ్వ తిన్నంక ఒక చిన్న గోళీ, గంతే. సద్దుల బతుకమ్మకు ఊరికి పోయిన, స్ట్రిప్ హైదరాబాద్ రూంలనే మర్చిపోయిన. మూడోరోజుకు నిద్ర లేదు, చేతులు వణుకుడు, కోడి కూసినా గుండె జారుడు. ఇంటెన్క బావి కాడికి ఉరికి చెవులు మూసుకొని కూసున్న. అందరు నాకు పండుగ లొల్లి పడలేదనుకున్నరు, నేను కూడ గట్లనే అనుకున్న.

వాపస్ వచ్చి స్ట్రిప్ చూస్తే ఎస్సిటాలోప్రామ్ పక్కన సన్న అక్షరాలల్ల క్లోనజెపామ్ 0.5. రెండు మందులు ఒకటే గోళీల! మన దగ్గర ఇసొంటి జోడు గోళీలు మస్తు అమ్ముతరు. క్లోనజెపామ్ రోజూ ఏసుకుంటే ఒళ్లు అలవాటు పడుతది, ఒక్కసారి బంద్ చేస్తే గిట్లనే అయితది. ఇంకో డాక్టర్ రెండిటిని విడగొట్టి, క్లోనజెపామ్‌ను ఐదు నెలలు కొంచెం కొంచెం తగ్గిచ్చిండు.

బిస్కెట్ పాకెట్ మీద ఉన్నవి గూడ వదలకుండ చదివెటోన్ని. గిదొక్కటి చదవలే.

లోకోషెడ్డు
బొంగరం అన్నా, మీ పోస్టు చదివి లేచెళ్లి నా పాత స్ట్రిప్ తీసి చూశా. నాది ఒట్టి ఎస్సిటాలోప్రామే.

ఇంకో బాధ. ఎలా ఉంది అని డాక్టరు అడగ్గానే నోటి నుంచి "బాగానే ఉందండీ" అని వచ్చేస్తుంది. అసలు సంగతి లిఫ్టులోకి వచ్చాక గుర్తొస్తుంది. ఆ చీమల సంగతి కూడా ఫోన్లో "కొంచెం ఇబ్బందిగా ఉంది" అనే చెప్పాను. ఇబ్బంది అంటే ఆయనకేం అర్థమవుతుంది?

సున్నాశబ్దం
డాలస్ నుంచి. ఇది మనలో చాలామందికి ఉన్నదే. లోపల ఏమవుతోందో మనకే వెంటనే తెలీదు, తెలిసినా మాట దొరకదు. ఇక్కడ ప్రతిసారీ ఆందోళన ఎంతుందో కొలవడానికి జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల కాగితం ఇస్తారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా అనిపించింది అని ఉంటుంది. కంగారు అంటే ఎంత కంగారు? ఒక్కో ప్రశ్నకి పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. చివరికి ఆ కాగితం పక్కన పెట్టి లెక్కపెట్టగలిగినవి రాసుకోవడం మొదలెట్టా: ఎన్ని ఫోన్లు మోగుతుంటే వదిలేశాను, సరుకులకి వెళ్లి ఎన్నిసార్లు బండి దిగకుండా వెనక్కి వచ్చాను, ఎన్ని గంటలు నిద్ర. నా మందు సెర్ట్రలిన్, 25 మిల్లీగ్రాములతో మొదలై 50కి వచ్చాక వదిలేసిన ఫోన్లు వారానికి పదకొండు నుంచి నాలుగుకి దిగాయి. ఆ అంకె చూపిస్తే డాక్టరుకీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

మొదటి మూడు వారాలు విరేచనాలు. చెమటలు ఇప్పటికీ పడుతున్నాయి. పడగ్గది సంగతి కూడా మారుతుంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా.

మన దగ్గరలా ఇక్కడ స్ట్రిప్ ఉండదు. నారింజ రంగు డబ్బాలో విడి బిళ్లలు పోసిస్తారు. ఒకసారి కంపెనీ మారి బిళ్ల ఆకారం, రంగు మారిపోయాయి. నాలుక మీద పెడితే ఏదో చేదు. నాలుగు రోజులు మింగలేకపోయా. ఎప్పుడూ అదే కంపెనీది ఇవ్వమని ఫార్మసీలో రాయించుకున్నాకే కుదుటపడ్డా. అందరికీ ఇది వేళాకోళం. నాకు మాత్రం ఆ నాలుగు రోజులు మందు లేనట్టే.

ఉలవచారు
ప్రొప్రనొలాల్ గురించి ఎవరూ రాయలేదేంటి? మీటింగుకి గంట ముందు 20 మిల్లీగ్రాములు. గుండె దడ, చేతుల వణుకు పోతాయి. తలలో రీలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కానీ చెయ్యి వణక్కపోతే ఆ రీలుకి సగం బలం పోతుందని నా లెక్క.

చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. రెండోసారి వేసుకున్నప్పుడు ఛాతీలో ఈల మొదలైంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ మందుకి దూరంగా ఉండాలట. నాకది అక్కడితో సరి.

నిమ్మచెట్టు
అందరూ తిట్టుకున్నా సరే. ఫ్లూయాక్సెటిన్ 20, ఎనిమిది నెలలు వాడాను. భయం పోయింది. దాంతోపాటు నా నాణేలూ పోయాయి. అంటే అల్మారాలోనే ఉన్నాయి, చూడాలనిపించేది కాదు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి కోసం ఒకప్పుడు బస్సెక్కి వేరే జిల్లాకి పోయినదాన్ని. అదే రూపాయి చేతిలో పెడితే ఇనుప ముక్కలా చూశాను. ఇంట్లోవాళ్లు మాత్రం మామూలు మనిషి అయిందని సంబరపడ్డారు.

డాక్టరు సలహాతో మెల్లగా మానేశాను. ఆఫీసులో గోడ పక్క సీటు అడిగాను, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాను. నా ఆందోళనలో ముప్పాతిక వంతు ఆ పెద్ద హాల్లో నలభై మంది మధ్య కూర్చోవడమే.

గోదారిగట్టు
తిట్టడమెందుకమ్మా. కానీ నాకు గోడ పక్క సీటు ఎవరిస్తారు? అరవై మంది పిల్లలు, ఒక ఫ్యాను, పక్కనే వంటగది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, నిజమే. సర్టిఫికెట్ తెచ్చి యాజమాన్యం ముందు పెడితే సీటు మారదు, నేనే మారతాను ఇంకో బడికి. అందుకే నాకు మందు కావాలి.

నాణేల మాట మాత్రం మనసులో పడింది. ఎనిమిది నెలలు ఆగకుండా మోతాదు తగ్గించమని అడిగి ఉండాల్సింది మీరు.

బొంగరం
మా నాయిన ఒక్కటే అడిగిండు డాక్టర్‌ను: మందేస్తే చేతులు ఊపుడు పోతదా సారూ? సారు పోతదన్నడు! ఉత్తదే. అమెరికాల ఆటిజం ఉన్న 149 మంది పిల్లలల్ల దగ్గర దగ్గర సగం మందికి సిటాలోప్రామ్, మిగిలినోళ్లకు ఉత్తుత్తి గోళీ ఇచ్చి చూసిండ్రు, 2009ల అచ్చయింది. చేసిందే చేసుడు మీద ఉత్తుత్తి గోళీ కంటే ఎక్వ పనిచెయ్యలే, పైనుంచి దుష్ప్రభావాలు ఎక్వైనయ్. ఆందోళన వేరు, చేతులు ఊపుడు వేరు. నేను చేతులు ఊపుతె నాకు నిమ్మళమైతది, దానికి మందెందుకు?

చింతచిగురు
ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నా, ఇప్పుడు రాస్తున్నా. మాది చిన్న ఊరు. మెడికల్ షాపాయన నాన్న స్నేహితుడు. ఆల్ప్రాజొలామ్ రాస్తే అది హెచ్1 జాబితా మందు, చీటీ చూసి నా పేరు రిజిస్టర్లో ఎక్కించుకోవాలి. ఎక్కించుకుంటూ "ఎవరికమ్మా ఇది?" అని గట్టిగా అడిగాడు. నాకు సంబంధాలు చూస్తున్నారు. అప్పటి నుంచి పక్క ఊరికి బస్సులో పోయి తెచ్చుకుంటున్నా, రానూపోనూ గంటన్నర. ఆ బస్సు హారనుకే సగం ఆందోళన వస్తుంది, మందు కొనుక్కుని దాన్ని తగ్గించుకుంటా. రోజూ వేసుకునే ఇంకో మందు సెర్ట్రలిన్‌ని విటమిన్ డబ్బాలో పోసి పెట్టుకున్నా. రేపు పెళ్లయితే ఆ డబ్బా ఎక్కడ పెట్టాలి అన్నదే ఇప్పుడు నా ఆందోళన.

నిమ్మచెట్టు
చిగురూ, డబ్బాలో స్ట్రిప్ ముక్క కత్తిరించి వెయ్యి, మందు పేరు, తేదీ కనపడేలా. రేపు నీకేదైనా అయితే ఏం మింగావో ఎవరికీ తెలీదు. దగ్గు సిరప్‌తోనూ, ట్రామడాల్ లాంటి నొప్పి బిళ్లతోనూ సెర్ట్రలిన్ పడకపోవచ్చు. కొనేముందు చెప్పు. మిగతాది నాకూ తెలీదు.

లోకోషెడ్డు
ఐదు వారాల తర్వాత వచ్చా. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లా. నోరు తెరవకుండా కాగితం ఇచ్చా: "3వ రోజు నుంచి కూర్చోలేకపోయాను. రాత్రి 2 నుంచి 4 దాకా నడిచాను. 6వ రోజు మానేశాను." ఆయన రెండుసార్లు చదివి "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. చెప్పానండీ, ఇబ్బందిగా ఉందని చెప్పాను.

2.5తో ఇవాళ్టికి 19వ రోజు. చీమలు లేవు. పెద్ద తేడా కూడా ఏం లేదు, నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలన్నారు. నిన్న మాత్రం సిలిండర్ అబ్బాయి బెల్లు కొడితే నేనే వెళ్లి తలుపు తీశా. అది మందో, ఇంట్లో ఎవరూ లేకపోవడమో తెలీదు.

ఒక్కటే చిక్కు, బిళ్ల సగం చేస్తుంటే పొడైపోతోంది. ఏం చేస్తున్నారు మీరంతా?

బొంగరం
గోళీలు కోసే డబ్బా మెడికల్ షాపులనే ఉంటది తమ్మీ, అడుగు. బ్లేడుతోని కొయ్యకు. నా బొటనవేలు సాక్ష్యం.