వార్షికోత్సవ చిత్ర ప్రదర్శన: బరువైన పటాలను ఏ గోడకు ఎలా తగిలించాలి

చిత్ర ప్రదర్శన బాధ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. వార్షికోత్సవం నాడు ప్రదర్శించవలసిన పటాల జాబితా ఖరారైంది. వాటిలో చాలావరకు ఒంటి చేత్తో ఎత్తగలిగినంత తేలికైనవే కాబట్టి వాటి ప్రస్తావన ఇక్కడ తేవడం లేదు. సభ్యులు తమ ఇళ్ల నుంచి ఇస్తున్న నాలుగు పెద్ద పటాలు మాత్రం అద్దంతోనూ కొయ్య చట్రంతోనూ కలిపి ఒక్కొక్కటి 15 నుంచి 20 కిలోల దాకా తూగేలా ఉన్నాయి. వాటిని ప్రవేశద్వారం పక్కన ఉన్న గోడకు వరుసగా తగిలిస్తే చూడముచ్చటగా ఉంటుందని అలంకరణ బృందం సూచించింది. సూచన బాగానే ఉంది గానీ, ఏ గోడ అందంగా ఉంటుందో తేల్చుకునే ముందు ఆ రంగు వెనక ఏముందో తేల్చుకోవాలని నా అభిప్రాయం.

ముందుగా బరువు సంగతి. పటాలు ఇస్తున్నవారు దయచేసి ఉజ్జాయింపుగా చెప్పవద్దు. పటాన్ని పట్టుకుని తూకపు యంత్రం మీద ఒకసారి, పటం లేకుండా మరొకసారి నిలబడి, తేడా రాసి పంపండి. మామూలు అద్దం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు దాదాపు రెండున్నర కిలోలు ఉంటుంది. అంటే 120 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పటానికి 3 మిల్లీమీటర్ల అద్దం వేస్తే, చట్రాన్ని లెక్కలోకి తీసుకోకుండానే, ఒక్క అద్దమే ఎనిమిది కిలోలు. అదే మందంలో ఆక్రిలిక్ పలక అందులో సగం కూడా ఉండదు. అందువల్ల అద్దం మార్చడానికి అభ్యంతరం లేనివారు ముందే చెబితే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇక గోడలు. ప్రవేశద్వారం పక్కనున్నది జిప్సం బోర్డు గోడ. వేలితో తడితే డొల్లగా మోగుతుంది. ఆ బోర్డు మందం సాధారణంగా అర అంగుళమే. దానికి నేరుగా కొట్టిన మేకు సుద్దలో దిగినట్టే కాబట్టి బరువు పడితే నిలవదు. బోర్డు వెనక దాన్ని మోస్తూ నిలువుగా ఉండే చట్రపు కమ్మీలు (స్టడ్లు) ఒకదాని మధ్యనుంచి మరొకదాని మధ్యకు చాలాచోట్ల 16 అంగుళాల దూరంలోనూ, కొన్నిచోట్ల 24 అంగుళాల దూరంలోనూ ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి ప్రత్యేక పరికరం లేకపోయినా ఫరవాలేదు. బలమైన చిన్న అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరుపుతూ పోతే, బోర్డును బిగించిన స్క్రూల తలల దగ్గర అది అతుక్కుంటుంది. అలాంటి చోట్లు ఒకే నిలువు గీతలో రెండు మూడు దొరికితే అక్కడ స్టడ్డు ఉన్నట్టే. స్టడ్డు చెక్కదైతే అందులోకి మందపాటి స్క్రూ ఒకటిన్నర అంగుళం దిగితే చాలు, 20 కిలోల పటానికి దిగులు లేదు.

మనం కోరుకున్న చోట స్టడ్డు లేకపోతే టాగుల్ బోల్టు వాడాలి. దాని రెక్కలు బోర్డు వెనక విచ్చుకుని, బరువును కాస్త విశాలమైన మేర మీద పరుస్తాయి. పెట్టె మీద రాసి ఉన్న బరువును పూర్తిగా నమ్మకుండా, పటం బరువుకు కనీసం నాలుగింతలు మోయగలదని రాసి ఉన్నదాన్నే తీసుకుందాం. రెక్కలు దూరేటంత పెద్ద బెజ్జం చేయాలి కాబట్టి తర్వాత దాన్ని పూడ్చే పని కూడా మనదే అవుతుంది.

హాలు వ్యవహారాలు చూస్తున్న సభ్యురాలు

వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. హాలు యాజమాన్యంతో నిన్న మాట్లాడాను. లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ గోడకూ కొత్త బెజ్జం వేయవద్దని వారు స్పష్టంగా చెప్పారు. భవనం పాతది కావడం వల్ల కొన్ని గోడల పూతలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉందనీ, తాము చూపిన చోట తప్ప డ్రిల్లు ఆనించవద్దనీ కూడా అన్నారు. ఈ మాటను మనం తేలికగా తీసుకోకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని ఏళ్ల తరబడి బయటపడదు. ఇంత తతంగం లేకుండా అంటుకునే పట్టీలతో పని జరగదా అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. మీరేమంటారు?

చిత్ర ప్రదర్శన బాధ్యుడు

తేలికపాటి పటాలకు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. బరువైన నాలుగింటికి మాత్రం వద్దనే చెబుతాను. పట్టీ జిగురు ఎంత గట్టిదైనా అది పట్టుకునేది గోడను కాదు, గోడ మీది రంగు పొరను. రంగు కొత్తదైనా, పాతబడి పెచ్చులు లేస్తున్నా, గోడకు కాగితం అతికించి ఉన్నా, పొరతో సహా పటం ఊడి వస్తుంది. పైగా ఎక్కువ మంది చేరిన హాలులో వేడి, తేమ రెండూ పెరుగుతాయి. సాయంత్రం వేళ ఆ పటాల కింద పిల్లలు తిరుగుతుంటారన్నది నాకు అన్నిటికంటే పెద్ద కారణం.

హాలు మధ్యలో ఉన్న మడత తెర గోడ విషయంలో చర్చే అవసరం లేదు. దానికి ఏదీ తగిలించరాదు.

వడ్రంగం తెలిసిన సభ్యుడు

ఎడమవైపు గోడ ఇటుకది. పైన గార పూత ఉంది. యాజమాన్యం చూపే చోటు అదే అయితే మన పని సులువవుతుంది. అక్కడ పాటించవలసిన పద్ధతిని రాస్తున్నాను.

గారకు బలం లేదు, అది పెళుసు. అందువల్ల రావల్ ప్లగ్గు (స్క్రూకు పట్టు దొరకడానికి బెజ్జంలో దూర్చే చిన్న తొడుగు) గారలో ఆగిపోకుండా, దాన్ని దాటి మొత్తం పొడవునా ఇటుకలో కూర్చోవాలి. డ్రిల్లు చేసేటప్పుడు మొదట ఎర్రటి పొడి రావడం మొదలయ్యే లోతును గమనిస్తే గార మందం ఎంతో తెలిసిపోతుంది. దానికి ప్లగ్గు పొడవునూ, మరో అర సెంటీమీటరునూ కలుపుకుని, ఆ లోతు దగ్గర డ్రిల్లు ముల్లుకు రంగు టేపు చుట్టుకోవాలి. బెజ్జంలోని పొడిని ఊది, బ్రష్షుతో దులిపి, మళ్లీ ఊదాలి. ఈ పని బద్ధకించి వదిలేసేవారే ఎక్కువ. పొడి మిగిలితే ప్లగ్గు వ్యాకోచించినా పట్టు దొరకక స్క్రూతో పాటు గిర్రున తిరుగుతుంది. ఈ రోజు మనం వాడే నైలాన్ ప్లగ్గును జర్మనీకి చెందిన ఆర్తూర్ ఫిషర్ 1958లో రూపొందించారు. స్క్రూ దిగుతున్నకొద్దీ అది పక్కలకు తెరుచుకుని బెజ్జం గోడలను నొక్కి పట్టుకుంటుంది. ఆ ఒత్తిడి పడాలంటే బెజ్జం ప్లగ్గుకు సరిగ్గా సరిపడే వ్యాసంలో, శుభ్రంగా ఉండి తీరాలి.

ఇటుకల మధ్య సున్నపు అతుకులో బెజ్జం వేస్తే తర్వాత పూడ్చడం సులువు. పాత గోడలో ఆ అతుకు గోటితో గీకినా రాలుతుంది కాబట్టి బరువు పటాలకు మాత్రం ఇటుక మధ్యనే ఎంచుకుందాం.

వెనక గోడ కాంక్రీటు. దానికి సుత్తి దెబ్బ వేసే డ్రిల్లు తప్పదు. ముల్లు ఉన్నట్టుండి ముందుకు సాగకపోతే ఇనుప చువ్వ తగిలిందని అర్థం. బలవంతం చేయకుండా బెజ్జాన్ని పక్కకు జరపాలి.

ఇంకొక మాట. పటాల వెనక ఒకే తీగ కట్టి, దాన్ని ఒకే కొక్కేనికి వేయడం అలవాటు. తీగ ఎంత బిగుతుగా, ఎంత అడ్డంగా ఉంటే దాని మీద లాగుడు అంత పెరుగుతుంది. 18 కిలోల పటానికి తీగ రెండు పక్కలా 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో పక్క 18 కిలోల లాగుడు పడుతుంది. అదే 15 డిగ్రీలైతే దాదాపు 35 కిలోలు. గోడ నిలిచినా చట్రం అతుకులు విడిపోయేది ఇందువల్లే. చట్రానికి రెండు వైపులా, పైనుంచి నాలుగో వంతు దూరంలో ఒక్కో వళయం బిగించి, తీగ లేకుండా రెండు కొక్కేలకు నేరుగా తగిలిద్దాం. రెండు కొక్కేలూ ఒకే మట్టంలో ఉండాలి కాబట్టి రసమట్టం నేను తెస్తాను.

అన్నిటికంటే బరువైన పటానికి 45 డిగ్రీల వాలుతో కోసిన జంట చెక్క పట్టీలు చేసి ఇస్తాను. ఒకటి గోడకు, ఒకటి పటం వెనకకు బిగిస్తే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. బరువు పట్టీ పొడవునా పడుతుంది, ఎవరి భుజమైనా తగిలినా పటం పక్కకు ఒరగదు.

ధ్వని, దీపాల బాధ్యుడు

స్విచ్చులకూ సాకెట్లకూ సరిగ్గా పైనా కిందా, అదే ఎత్తులో అడ్డంగానూ తీగలు పోయి ఉంటాయి. ఆ గీతల మీద డ్రిల్లు పెట్టవద్దు. విద్యుత్ తీగలను కనిపెట్టే పరికరం నా దగ్గర ఉంది. బెజ్జం వేయబోయే ప్రతి చోటునూ నేను ముందు పరీక్షిస్తాను.

చిత్ర ప్రదర్శన బాధ్యుడు

అందరి సూచనలనూ కలిపి ఇలా ఖరారు చేస్తున్నాను. నాలుగు పెద్ద పటాలూ ఎడమవైపు ఇటుక గోడకే వెళ్తాయి. ప్రవేశద్వారం పక్కన తేలికైనవి ఉంటాయి. అలంకరణ బృందం నొచ్చుకోవద్దని మనవి. దీపాలు ఎడమవైపుకు తిప్పితే అక్కడ కూడా శోభ తగ్గదు. పటం మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా గీతలు ముందే గీసుకుంటాం. బరువైన ప్రతి పటాన్నీ ఇద్దరు ఎత్తాలి, మూడోవారు దూరం నుంచి చూసి చెప్పాలి. నిచ్చెన మీద ఉన్నవారి చేతికి పటాన్ని ఒంటరిగా అందించకూడదు. తగిలించాక కిందికి మెల్లగా నొక్కి చూసి, కొక్కెం కదిలితే దింపేస్తాం.

యాజమాన్యం అనుమతి పత్రంలో ఎడమవైపు గోడ అని, మూడు పటాల కొక్కేలకు బెజ్జాలు ఆరు, అన్నిటికంటే బరువైన పటం చెక్క పట్టీకి మరో నాలుగు అని, పూడ్చి రంగు వేసే బాధ్యత మనదే అని రాయించవలసిందిగా హాలు వ్యవహారాలు చూస్తున్న సభ్యురాలిని కోరుతున్నాను. అదే రంగు చిన్న డబ్బా వారి దగ్గర మిగిలి ఉందేమో కూడా అడగండి. పటాల బరువులు ఆదివారం లోపు ఇక్కడే రాస్తే, కొక్కేలూ ప్లగ్గులూ ఆ లెక్క ప్రకారం కొంటాను.