సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం పాత సంగతులు తెలిసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది చిలకలగూడ. మా తాతయ్య రైల్వేలో చేసేవారు. ఆయన కబుర్లలో సగం ఎన్నికలవే, ముఖ్యంగా 1971వి. ప్రత్యేక తెలంగాణ కోరిన తెలంగాణ ప్రజా సమితి పార్టీ 10 సీట్లు గెలిచిన ఆ ఏడాది ఇక్కడ దాని తరఫున ఎం.ఎం. హాషిం గెలిచారు. 1977లో ఆయనే కాంగ్రెస్ తరఫున మళ్లీ గెలిచారు. అప్పటి గోడ రాతలు, సభలు గుర్తున్న పెద్దలెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నాకు ఇంకా ఆసక్తిగా ఉన్నది కాంగ్రెస్ నేత టి. అంజయ్య గారి కాలం. ఆల్విన్ కంపెనీ కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి అయిన మనిషి. 1984లో ఇక్కడి నుంచే ఎంపీ. 1986లో ఆయన పోయాక ఉప ఎన్నికలో భార్య మణెమ్మ గెలిచారు, 1989లో కూడా. ఆమె ప్రచారం బస్తీల్లో ఎలా సాగిందో ఎవరైనా చూశారా? 1991లో బీజేపీ నేత బండారు దత్తాత్రేయ గెలిచేసరికి గాలి ఎందుకు మారింది?

ఇంకో చిన్న డౌటు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఇప్పుడు మల్కాజిగిరి ఎంపీ కిందికి వస్తుంది, నాంపల్లేమో మాకు! పేరు చూస్తే నవ్వొస్తుంది. 2008 నియోజకవర్గాల పునర్విభజనకు ముందు హద్దులు చూపే మ్యాపు ఎక్కడ దొరుకుతుంది? పాత ఓటరు స్లిప్పు ఫొటో ఉన్నా చాలు.