బాల్ పైథాన్ పిల్ల కుబుసం ముక్కలుగా ఊడి, కంటి మీదా తోక మీదా మిగిలిపోయింది

ప్రశ్న (మిషిగన్ నుంచి)

మా అబ్బాయి పెంచుకుంటున్న బాల్ పైథాన్‌కు ఇంకా ఏడాది నిండలేదు. వేసవిలో కుబుసాన్ని తల నుంచి తోక దాకా ఒకే పొరగా విడిచేది. ఈసారి కళ్ళు నీలంగా మసకబారి, మళ్ళీ తేటపడ్డాక కుబుసం విడవడం మొదలుపెట్టింది కాని, అది తడి ఆరిన కాగితంలా చిరిగి ముక్కలుగా ఊడింది. మెడ చుట్టూ ఒక పట్టీ, తోక చివర ఉంగరంలాంటి ముక్క మిగిలాయి. ఎడమ కన్ను కుడి కన్నులా నల్లగా నిగనిగలాడకుండా, పైన ముడతలు పడి వెండి రంగులో కనిపిస్తోంది.

చలికాలం కావడంతో ఇంట్లో హీటర్ రాత్రింబగళ్ళు నడుస్తోంది. పాము ఉండే గాజు తొట్టికి పైన జాలీ మూత, దాని మీద వేడి దీపం ఉన్నాయి. తేమ 35 శాతం దాటడం లేదు. పామును కొన్న దుకాణంలో అడిగితే, కంటి మీది పొరను అంటుకునే టేపుతో లాగేయమన్నారు. మా అత్తయ్యగారు కొబ్బరినూనె రాయమంటున్నారు. ఈ రెండింటిలో ఏదీ చేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. నీళ్ళలో నానబెట్టవచ్చా, ఎంతసేపు నానబెట్టాలి, ఇప్పుడు ఎలుక పెట్టవచ్చా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (టెక్సస్ నుంచి, చాలాకాలంగా పైథాన్‌లు పెంచుతున్నవారు)

అమ్మా, టేపూ వద్దు, నూనే వద్దు. నూనె రాస్తే పొర మెత్తబడినట్టు కనిపిస్తుందే తప్ప దానికి కావలసిన తేమ అందదు, పైగా చెత్తంతా ఒంటికి అంటుకుంటుంది. మీ ఇబ్బందికి అసలు కారణం ఆ 35 శాతం తేమే. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలకు చెందిన పాము. అక్కడ అది పగటి వేళ ఎలుకల బొరియల్లోనూ, చెదపుట్టల్లోనూ దాక్కుంటుంది. పైన నేల ఎండిపోయినా బొరియలో గాలి చెమ్మగానే ఉంటుంది. కాబట్టి దీనికి మామూలు రోజుల్లో 60 శాతం, కళ్ళు మసకబారినప్పటి నుంచి 70 శాతం దాకా తేమ ఉండాలి.

కుబుసం విడిచే ముందు పాత పొర కింద కొత్త పొర పూర్తిగా తయారవుతుంది. తరువాత ఆ రెంటి మధ్య ద్రవం చేరి వాటిని విడదీస్తుంది. కళ్ళు నీలంగా కనిపించేది అందువల్లే. కొన్ని రోజులకు కళ్ళు తేటపడతాయి, ఆ తరువాత వారం లోపే పాము మూతిని దేనికైనా రాసి, పెదవుల దగ్గర పొరను వదులు చేసుకుని, దానిలోంచి ముందుకు పాకి వస్తుంది. ఒంట్లో నీరు చాలకపోయినా, చుట్టూ గాలి పొడిగా ఉన్నా పాత పొర సరిగా విడివడక కొత్త పొరకు అతుక్కుపోతుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. మూతకు గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చని నీటితో తడిపి పిండిన తువ్వాలు పరిచి, పామును అందులో అరగంట ఉంచండి. నీటి వేడి 80 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. చేతికి వేడిగా తగిలిందంటే పాముకు ఎక్కువైనట్టే. నీళ్ళలో ముంచడం కన్నా ఈ పద్ధతి నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే పిల్ల పాములు నీళ్ళలో బెదిరిపోతాయి. డబ్బాను దీపం కింద పెట్టవద్దు, దగ్గర మనిషి లేకుండా వదలవద్దు. తరువాత తడి తువ్వాలును గుప్పిట్లో వదులుగా పట్టుకుని, పామును దానిలోంచి తనంతట తానుగా పాకనివ్వండి. రాలవలసిన పొర ఆ రాపిడికే వస్తుంది. రానిదాన్ని గోటితో గీరవద్దు, మర్నాడు మళ్ళీ తడి తువ్వాలులో ఉంచండి.

తొట్టి సంగతికి వస్తే, జాలీ మూతలో దీపం ఉన్న చోటును ఖాళీగా వదిలి, మిగతా భాగాన్ని అల్యూమినియం రేకుతో కప్పండి. అడుగున మూడు నాలుగు అంగుళాల మందంలో కొబ్బరి పొట్టు పోసి, దాని మీద చల్లకుండా మూలల్లో నీళ్ళు పోయండి. అడుగు తడిగా ఉండి పైభాగం పొడిగా ఉండాలి. పైన కూడా తడిగా ఉంటే పొట్ట కింది పొలుసులకు పుండ్లు పడతాయి. దాక్కునే గూళ్ళలో ఒకదానిలో తడిపి పిండిన నాచు పెట్టండి. సూది ముల్లుతో తిరిగే చవక తేమ కొలమానాలను నమ్మవద్దు. డిజిటల్‌ది కొని, పాము పడుకునే ఎత్తులో పెట్టండి.

జవాబు (ఒహాయోలో పశువైద్యురాలు)

పై సలహాలన్నిటితో నేను ఏకీభవిస్తున్నాను. కంటి గురించి, తోక గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి. పాముకు మనలా కదిలే రెప్పలు ఉండవు. అవి కలిసిపోయి పారదర్శకమైన కవచంలా కంటిని కప్పి ఉంటాయి. కుబుసంతో పాటు ఊడవలసింది ఆ కవచపు పై పొర మాత్రమే. టేపుతోనో పట్టకారుతోనో లాగితే పై పొరతో పాటు కవచమే ఊడిరావచ్చు. అప్పుడు లోపలి కన్ను ఆరిపోయి, చీము పట్టి, చూపు పోయే ప్రమాదం ఉంది.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా కంటి కవచం మీద సొట్ట పడుతుంది. అది మిగిలిపోయిన పొర అవునో కాదో తేల్చుకోవడానికి కుబుసపు తల ముక్కను నీటిలో నానబెట్టి, విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కన్ను ఉండవలసిన చోట గాజు బుడగలాంటి పొర ఉంటే అది ఊడివచ్చినట్టు. అక్కడ రంధ్రం ఉంటే పొర ఇంకా కంటి మీదే ఉన్నట్టు.

తోక మీది ఉంగరం నాకు కంటి కన్నా తొందర పనిగా కనిపిస్తోంది. అది ఎండి బిగిస్తే రక్తం ఆడక తోక చివర చచ్చుబడుతుంది. అది నల్లబడినా, గట్టిపడినా ఇంటి వైద్యం ఆపి వెంటనే సరీసృపాలను చూసే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. మామూలు కుక్కలు, పిల్లుల వైద్యులందరికీ వీటితో అనుభవం ఉండదు. సరీసృపాల, ఉభయచరాల పశువైద్యుల సంఘమైన ఏఆర్ఏవీ వెబ్‌సైట్‌లో మీ ఊరికి దగ్గరలోని వారి పేర్లు దొరుకుతాయి. గవదల కిందా, కళ్ళ చుట్టూ గసగసాల్లాంటి నల్లని పురుగులు కదులుతున్నాయేమో కూడా చూడండి. ఆ మైట్‌లు పట్టినా కుబుసం సరిగా ఊడదు. అప్పుడు ఎంత తేమ పెట్టినా ఫలితం ఉండదు.

జవాబు (హైదరాబాదు నుంచి)

వైద్యం గురించి నేను చెప్పగలిగింది లేదు. ఇది చదివి ఇక్కడివారు ఎవరైనా ఇంట్లో పామును పెంచుదామనుకుంటారేమోనని రాస్తున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన కొండచిలువను, నాగుపామును ఇంట్లో పెంచుకోవడం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతే అయినా, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది కాబట్టి, ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం దాన్ని పెంచేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. తడి తువ్వాలులోంచి పాకించినప్పుడు మెడ మీది పట్టీ మొదటిసారే వచ్చేసింది. తోక మీది ఉంగరం మర్నాడు వదులై జారిపోయింది. దాని కింద చర్మం లేత రంగులోనే ఉంది, నల్లబడలేదు. మైట్‌లు కనిపించలేదు. తల ముక్కను నానబెట్టి చూస్తే కుడి కంటి చోట బుడగ ఉంది, ఎడమ కంటి చోట రంధ్రం ఉంది. రేకు కప్పి, పొట్టు మార్చాక తేమ 60కి పైనే ఉంటోంది. ఇక కన్ను ఒక్కటే మిగిలింది.

జవాబు (ఒహాయోలో పశువైద్యురాలు)

కన్ను వాచకుండా, నీరు కారకుండా ఉంటే దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. ఈ వయసులో సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కుబుసం విడుస్తాయి. తేమ సరిగా ఉంటే మిగిలిన పొర వచ్చే కుబుసంతో పాటే ఊడివచ్చే అవకాశం ఎక్కువ. ఎలుక పెట్టవచ్చు, కాని దాని లావు పాము ఒంటిలో అతి లావైన చోటును మించకూడదు. తిన్నాక రెండు రోజుల పాటు పామును చేతిలోకి తీసుకోవద్దు, తడి తువ్వాలు పనీ పెట్టుకోవద్దు. కదిలిస్తే మింగింది కక్కేస్తుంది. మళ్ళీ కళ్ళు మసకబారినప్పుడు అది తిండి ముట్టకపోయినా కంగారు పడకండి. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, బెదిరి కాటు వేయవచ్చు కాబట్టి అబ్బాయిని చేయి పెట్టనివ్వకండి. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా సోకుతుంది, ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళను దగ్గరకు రానివ్వకూడదు.

వచ్చేసారి కుబుసం విడవగానే తల ముక్క ఎండిపోక ముందే తీసి చూడండి. ఎడమ కంటి చోట మళ్ళీ రంధ్రమే ఉంటే రెండు పొరలు పేరుకున్నట్టు లెక్క. అప్పుడు ఇక ఇంట్లో ఆగకుండా వైద్యుడికి చూపించండి; పొరను మెత్తబరిచి జాగ్రత్తగా తీయడం వాళ్ళకు తెలిసిన పనే.