వండిన ఆముదం లిప్ బామ్‌కి పనికొస్తుందా? కంపెనీలు కొంటాయా?

మెట్టచేను (కనిగిరి): కందిలో వేసిన ఆముదాలు ఈసారి బాగా కాశాయి. సగం గింజలు అమ్మ వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి పైకి తేలిన నూనె తీసింది. ముదురు రంగు, కాస్త మాడు వాసన. దీంతో సబ్బులు, లిప్ బామ్ చేసి అమ్ముదామని చెల్లెలు, గ్రీజు కంపెనీలకి పోద్దామని బావ. ఇంతకీ గింజలో విషం ఉంటుందంటారే, అది నూనెలోకి దిగదా?

సబ్బులక్క (నెల్లూరు): దిగదు తమ్ముడూ. ఆ విషం పేరు రైసిన్, అదో ప్రోటీన్, నూనెలో కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. అందుకే పిప్పి గొర్రెలకి పెట్టకుండా ఎరువుగా వేసుకో. లిప్ బామ్‌కి మాత్రం ఇది వద్దు, మూతి దగ్గర ఆ వాసన ఎవరు భరిస్తారు? వేయించకుండా ఆడించి వడకట్టిన లేత పసుపు నూనె, తేనె మైనం కలిపితే బాగుంటుంది. ఆముదం చిక్కన కాబట్టి రంగుపొడి అడుక్కి దిగదు, లిప్‌స్టిక్ వాళ్లు వాడేది అందుకే. సబ్బుకైతే మొత్తం నూనెల్లో 5 నుంచి 10 శాతం చాలు, నురగ నిలుస్తుంది, ఎక్కువైతే సబ్బు మెత్తబడి జిగురుగా తయారవుతుంది. కొబ్బరినూనె లెక్కన కాస్టిక్ సోడా వేశారో, సోడా మిగిలిపోయి చేతులు మండుతాయి.

ల్యాబ్‌కోటు: బావ చెప్పింది సగం నిజం. ఆముదంలో దాదాపు 85 నుంచి 90 శాతం రిసినోలిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లమే, వేరే ఏ నూనెలోనూ ఇంత దొరకదు. దీనికి హైడ్రోజన్ పట్టిస్తే మైనంలా గట్టిపడుతుంది, లారీ బేరింగుల లిథియం గ్రీజు దాన్నుంచే. లారీ బ్రేకుల గాలి గొట్టాలకి వాడే నైలాన్ 11 అనే ప్లాస్టిక్ కూడా ఆముదం బిడ్డే. కానీ వాళ్లు కొనేది ట్యాంకర్లలో, ఆమ్ల శాతం, తేమ పరీక్ష చేయించి. ఇంట్లో వండిన నాలుగు సీసాలు గేటు కూడా దాటవు. మిగిలిన గింజలు గింజలుగానే అమ్ముకోండి, రేటు ఎటూ గుజరాత్ మార్కెట్‌ని బట్టే నడుస్తుంది.

సబ్బులక్క (నెల్లూరు): ఇంకోటి, మొహానికి రాసేవి తయారుచేసి అమ్మాలంటే కాస్మెటిక్స్ లైసెన్స్ కావాలి. ఆన్‌లైన్ కదా అని వదిలేయరు.

మెట్టచేను (కనిగిరి): సరే అక్కా, ఇది తలకి రాసుకుంటాం. ఇక్కడ మిషన్ వాళ్లు ఆముదాలు ఆడబోమంటున్నారు, ఎందుకని?

ల్యాబ్‌కోటు: ఎందుకేంటి సామీ, అదే మిషన్‌లో తర్వాత వేరుశనగ ఆడిస్తారు, ఆ నూనెతో దోసెలు తిన్నవాళ్లకి విరేచనాలైతే ఎవరిది పూచీ? ఆముదానికే విడిగా పెట్టుకున్న గానుగ వెతుక్కో.