‘తరపిత’ మన ‘తారా పిత’ అవుతుందా?

గ్రూపులో ఒకరు ఎస్టోనియా వాళ్ల పాత దేవుడు ‘తరపిత’ పేరు చూసి, ఇది సంస్కృతంలో ‘తార + పిత’ కదా అన్నారు. వినడానికి బానే అతుకుతుంది. కానీ ఎస్టోనియన్ అసలు సంస్కృతం ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబంలోని భాషే కాదు, ఫిన్నిష్‌కి చుట్టం. పైగా ఆ పేరు మనదాకా ఎలా వచ్చిందో ముందు చూడాలి.

లివోనియా హెన్రీ అనే పాదిరి 1220లలో లాటిన్‌లో రాసిన వృత్తాంతమే దానికి ఆధారం. ఇప్పటి లాత్వియా, ఎస్టోనియాల్లో 1180ల నుంచి 1227 దాకా సాగిన మతయుద్ధాల కథ అది. ఎస్టోనియన్లు తమ వైపు నుంచి రాసుకున్నదేమీ లేదు. 1217లో యుద్ధంలో చనిపోయిన వాళ్ల నాయకుడు లెంబితు గురించి తెలుసుకోవాలన్నా శత్రువు పుస్తకమే గతి.

1220లో విరోనియాలో (ఎస్టోనియా ఈశాన్య ప్రాంతం) బాప్తిస్మాలిస్తూ తిరుగుతున్నప్పటి సంగతి హెన్రీ రాశాడు. అక్కడొక కొండ, దాని మీద అందమైన అడవి. సారెమా దీవివాళ్ల దేవుడు తరపిత అక్కడే పుట్టి దీవికి ఎగిరిపోయాడని ఊరివాళ్లు చెప్పారట. ఒక పాదిరి అక్కడి విగ్రహాలను నరికేస్తే, రక్తం కారలేదేమిటని వాళ్లు విస్తుపోయారట. మళ్లీ 1227 చలికాలంలో, గడ్డకట్టిన సముద్రం మీదుగా వెళ్లి క్రైస్తవ సైన్యం సారెమా పక్కనున్న ముహు దీవిలోని కోటను ముట్టడించినప్పుడు ఆ పేరు వస్తుంది. క్రైస్తవులు యేసును పిలుస్తుంటే దీవివాళ్లు తమ వనాన్ని పిలిచారు, తరపితను తలుచుకుని కేకలు వేశారు అంటాడు.

ఆ కేకను పట్టుకునే ‘తారా, అవిత!’ అనే వివరణ పుట్టింది. ‘తారా’ దేవుడి పేరు, మొత్తానికి ‘తారా, సాయం చెయ్యి!’ అని అర్థం. ‘అవిత’ ఇప్పటి ఎస్టోనియన్ ‘ఐత’కు పాత రూపం. యుద్ధంలో పెట్టిన మొర పేరుగా మారిపోయిందన్నమాట.

నాకైతే పూర్తిగా మింగుడుపడదు. 1220 నాటి ముచ్చటలో యుద్ధమూ లేదు, కేకలూ లేవు, ఊరివాళ్లు తీరిగ్గా చెప్పిన కథ. హెన్రీ ఆ భాషలు వచ్చి దుబాసీ పని చేసినవాడు. మొరకీ పేరుకీ తేడా తెలియదా? రెండో సగాన్ని పిడుగు అనే అర్థమున్న ‘పిక్నె’తో కలిపేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ‘తరపిత’లోని ‘ప’కి కనీసం ఒక దారి దొరుకుతుంది.

ఫిన్నిష్ వచ్చినవాళ్లు గ్రూపులో ఉంటే ‘అవిత’లో ‘వ’ కాస్తా ‘ప’ కాగలదేమో చెప్పండి.