హైవే తారు రెన్యువల్, పైన ఓవర్‌బ్రిడ్జి మార్పు: ఏది ముందు?

పూందమల్లి_సైట్:
శ్రీపెరుంబుదూరు వైపు ఆరు వరసల హైవే. 50 మి.మీ. మిల్లింగ్ చేసి (పాత తారు గీకి) మళ్లీ బీసీ (బిటుమినస్ కాంక్రీట్, పై తారు పొర) వేయాలి. మధ్యలో పాత ఓవర్‌బ్రిడ్జి తీసి కొత్తది కట్టాలి. పాతదానివి పీఎస్‌సీ గర్డర్లు (లోపల తీగలు బిగించిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ దూలాలు), 30 మీటర్ల స్పాన్. పేవర్ (తారు పరిచే మెషీన్) ఖాళీగా ఉంది, తారు ముందు కానిచ్చేద్దాం అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

గర్డర్_బాబాయ్:
బ్రిడ్జికి అటూ ఇటూ కలిపి 100 మీటర్లు వదిలేసి మిగతాది వేసుకోమనండి. ఆ ముక్కలో మిల్లింగ్ కూడా వద్దు. క్రేన్ అవుట్‌రిగ్గర్లు (పక్కకి చాచే కాళ్లు) నిలబడేది, శిథిలాలు పడేది అక్కడే. కొత్త బీసీ వేస్తే గుంటలు పడతాయి, మళ్లీ గీకాల్సిందే. పాత తారు మీద స్టీలు ప్లేట్లు పరిచి, డెక్ (బ్రిడ్జి పైభాగం) కింద అర మీటరు ఇసుక పోయండి.

అసలు ప్రమాదం ఎత్తడంలో ఉంది. 30 మీటర్ల గర్డరు 55-60 టన్నులని లెక్కేసి క్రేన్ తెస్తారు. గర్డర్ల మధ్య 3 మీటర్లుండి, 22 సెం.మీ. స్లాబును సరిగ్గా నడిమికి కోస్తే, గర్డరుతో పాటు ఇంకో 50 టన్నులు వస్తుంది! స్లాబ్ ప్యానెళ్లు ముందు విడిగా దించాలి. డయాఫ్రమ్ (గర్డర్లను కలిపే అడ్డ గోడ) కోసే ముందే గర్డర్లను ఒకదానికొకటి బిగించాలి, లేదంటే పక్కకి ఒరుగుతాయి. స్లింగులు (ఎత్తే తాళ్లు) బేరింగుల దగ్గరే, అంటే గర్డరు చివర్లు ఆనే చోటే. నడుమ పట్టి ఎత్తితే ప్రీస్ట్రెస్ బలానికి పై అంచు పగులుతుంది. గాల్లో వేలాడుతుండగా ప్రీస్ట్రెస్ కేబుల్ జోలికి ఎవరూ పోకూడదు.

తారు_లెవెల్:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే. ఒకటి కలుపుతా: కొత్త బ్రిడ్జికి 5.5 మీటర్ల క్లియరెన్స్ (రోడ్డు నుంచి బ్రిడ్జి అడుగు వరకు ఖాళీ) ఎక్కడ కొలుస్తున్నారు? 10.5 మీటర్ల వెడల్పుకి 2.5 శాతం వాలంటే మీడియన్ అంచు 26 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, ఖాళీ అక్కడ అంత తగ్గుతుంది. సర్వేయర్లు టేపు పట్టేది మాత్రం ఎడమ అంచున, నీడలో! రేపు పైన వేయబోయే ఓవర్లేలు (కొత్త తారు పొరలు) కూడా కలుపుకోండి, రెండు పొరలకే 10 సెం.మీ. పోతుంది.

పూందమల్లి_సైట్:
థ్యాంక్స్ అన్నా. మిల్లింగ్ చేసిన చోట ట్యాక్ కోటు (పొరలు అతుక్కోవడానికి చల్లే ఎమల్షన్) ఎంత?

తారు_లెవెల్:
తారు మీద చదరపు మీటరుకి 0.2 నుంచి 0.3 కిలోలు. గీకిన గాళ్లకు పై అంకె తీసుకోండి. ముందు కంప్రెసర్‌తో దుమ్ము ఊదేయండి, గాళ్లలో పొడి మిగిలితే పొర అతుక్కోదు. ఎమల్షన్ గోధుమ రంగు పోయి నల్లబడ్డాకే పేవర్ కదలాలి. వీజీ-40 (గట్టి రకం తారు) అయితే పరిచేటప్పుడు 150 డిగ్రీలు, రోలింగ్ 100కి పడేలోపు ముగియాలి. రాత్రి ట్రాఫిక్‌లో చిక్కుకున్న టిప్పర్లలో మిక్స్ పైన చల్లారి గడ్డకడుతుంది, టార్పాలిన్ లేని బండిని వెనక్కి పంపండి.

గర్డర్_బాబాయ్:
అక్టోబరు వానలు మొదలయ్యాక గీకి వదిలేయకండి. ఆ గాళ్లలో నిలిచిన నీళ్లు డీబీఎంలోకి (బీసీ కింది తారు పొరలోకి) దిగి, పైన బీసీ వేశాక పెచ్చులు లేపుతాయి. ఎంత గీకితే అంత ఆ రాత్రే మూసేయాలి.